గంధం బొట్టు పెట్టిన డిస్కు

కరీంనగర్ బస్టాండ్ వెనక సందులో, కంప్యూటర్లు బాగుచేసే సర్వీసు గదిలో నా జుట్టు నెరిసింది. ఇన్నేళ్లలో జనం నన్ను చాలా అడిగారు. "ఎప్పుడైతది?" అన్నారు. "నిన్ననే ఇస్తనంటివి గదా?" అన్నారు. "గీ చిన్న పనికి గింత సేపా?" అన్నారు. ఈ పని చేస్తూ నువ్వేం తెలుసుకున్నావని మాత్రం ఒక్కరూ అడగలేదు.

మా ఓనరు ప్రభాకర్ సార్ ఒకసారి కంపెనీ గొప్ప చెప్పుకోవడానికి రంగుల పుస్తకం అచ్చు వేయించాడు. అందులో అమ్మకాల వాళ్ల ఫోటోలున్నాయి. ఓనరు బావమరిది ఫోటో ఉంది. షాపు ముందున్న పూలకుండీ ఫోటో కూడా ఉంది. ఆ కుండీకి రోజూ నీళ్లు పోసింది నేను. సర్వీసు గది ఫోటో లేదు. కనీసం మూసిన తలుపు కూడా లేదు.

రిటైరయ్యాక ఒక శిక్షణ సంస్థకు వెళ్లి, హార్డ్‌వేర్ నేర్చుకునే పిల్లలకు రెండు మాటలు చెప్తానన్నాను. "కబురు చేస్తం" అన్నారు. ఆ కబురు ఇంకా దారిలోనే ఉంది.

అందుకని ఎవరూ అడక్కపోయినా నేనే రాస్తున్నాను, ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం. ప్రమోషన్ల సంగతి రాయను. సర్వీసు గదిలో ప్రమోషన్ అంటే మన కుర్చీ ఫ్యాను కిందికి జరగడం, అంతే. ఒక్క పని గురించి రాస్తాను. పాత డెస్క్‌టాప్ లోపల ఇంకో హార్డ్ డిస్కు ఎంచి పెట్టడం. చూడటానికి చిన్న పని. నా బతుకు మాత్రం దాని చుట్టే తిరిగింది.

ముందు వినండి

పాత కంప్యూటర్ మూత తీయగానే చేతులు పెట్టకండి. స్క్రూడ్రైవర్ మొనను లోపలున్న డిస్కు అంచుకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకోండి. మోటారు మెకానిక్కులు ఇంజన్‌ను ఇట్లాగే వింటారు. నేను వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను.

ఆరోగ్యంగా ఉన్న డిస్కు శబ్దం ఎట్లా ఉంటుందంటే, మధ్యాహ్నం పూట, ఇల్లంతా నిద్రపోతున్నప్పుడు, పక్కింటి వాకిట్లో ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు ఉంటుంది. ఆగదు, తొందరపడదు. వింటూ ఉంటే మనకూ కళ్లు మూతలు పడతాయి. పోబోయే డిస్కు అయితే చేటలో రాయి దొర్లినట్టు టిక్కుమంటుంది. ఆ టిక్కు వినిపిస్తే కొత్త డిస్కు ఎంత పెద్దది కావాలన్న మాట తర్వాత, ముందు పాతదాంట్లో ఉన్నదాన్ని బయటికి తీయండి.

కొనేవాళ్లు మొదట అడిగేది, ఎన్ని జీబీలు అని. మీరు దాన్ని చివరికి నెట్టండి. మొదట కరెంటు డబ్బా చూడండి. పాత డెస్క్‌టాప్‌లో పవర్ సప్లై కూడా పాతదే. ఇంకో డిస్కును తిప్పే ఓపిక దానికి ఉందా, తగిలించడానికి ఖాళీ వైరు ఉందా? తర్వాత మదర్‌బోర్డు. డేటా కేబుల్ పెట్టే చోటు ఖాళీగా ఉందా, ఉంటే అది వెడల్పు పట్టీ కేబుల్ రకమా, సన్న కేబుల్ రకమా? బాగా పాత బోర్డులైతే రెండు టీబీలు దాటిన డిస్కును పూర్తిగా గుర్తుపట్టవు. పెద్దది తెచ్చి పెడితే సగం గదికి తాళం వేసినట్టే. ఇంకో సంగతి. ఇప్పుడొచ్చే కొన్ని పెద్ద డిస్కులు గూనపెంకులు పరిచినట్టు, ఒక వరుస మీదికి ఇంకో వరుస ఎక్కించి రాసుకుంటాయి. దాచిపెట్టడానికి మంచివే. రోజూ తీసి, దిద్ది, మళ్లీ రాసే పనికి మాత్రం తెప్పించకండి. ఒక్క పెంకు మార్చాలంటే పక్క పెంకులన్నీ కదిలించాలి. కంప్యూటర్ నత్తనడక నడుస్తుందని బాధపడేవాళ్లకు విండోస్ కోసం తిరిగే పళ్లెం లేని చిన్న ఎస్ఎస్‌డీ పెట్టి, ఫోటోలకూ వీడియోలకూ మామూలు డిస్కు పెట్టండి.

ఇవన్నీ చూశాక, డబ్బా తెరిచి డిస్కు చేతిలోకి తీసుకున్నాక, స్టిక్కరు మీది సీరియల్ నెంబరు చూడండి. మూలల్లో ఉన్న స్క్రూల గుంటలు కూడా చూడండి. ఎందుకో చివర్లో చెప్తాను. నవ్వినా సరే, చూడండి.

పత్తి పరుపు మీద పడుకున్న డిస్కు

ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లు ఉండేది. చలికాలం పొద్దున్నే నన్ను పిలిచారు. ఆ ఊరి చలి సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మంచులో మిల్లు కనిపించలేదు, దాని చప్పుడే కనిపించింది అన్నట్టుగా ఉంది. ఆవరణ నిండా పత్తి కుప్పలు. నేల మీదా పొగమంచే, గాల్లోనూ పొగమంచే అనిపించింది. ఏది పత్తో ఏది మంచో తెలియకుండా నడిచి లోపలికి పోయాను.

కంప్యూటర్ మూత తీస్తే లోపల పరుపు. నిజంగా పరుపే. ఎన్నో సీజన్ల నూగు ఫ్యాను లాక్కుని లాక్కుని అందులో పరిచింది. ఆ పరుపు మీద డిస్కు పడుకుని ఉంది. ఎండాకాలమంతా ఉడికి, ఇప్పుడు చలికి బిగుసుకుపోయి తిరగనంటోంది.

నేను దాన్ని తీసి, నూగు దులిపి, స్వెట్టర్ లోపల పెట్టుకుని మెట్ల మీద ఎండలో కూర్చున్నాను. మిల్లు మేనేజరు వచ్చి చూశాడు.

"ఏం చేస్తున్నవ్ భావు? ఇంజనీరును పంపుమంటే కోడిపెట్టను పంపిండ్రా మీ సారు?"

పనివాళ్లంతా నవ్వారు. "గుడ్డు పెట్టినంక జర మాకు గూడ చెప్పు" అని ఇంకొకడు అందుకున్నాడు. అందరికీ గాజు గ్లాసుల్లో టీ వచ్చింది. నాకు ప్లాస్టిక్ కప్పులో వచ్చింది. అది నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

ఎండ ఎక్కాక దాన్ని తగిలిస్తే తిరిగింది. వెంటనే అందులో ఉన్నదంతా బయటికి తీసి, రెండో డిస్కు పెట్టాను. రెంటికీ మధ్య ఒక అర ఖాళీ వదిలాను. కింద ఉన్నది వేడెక్కితే ఆ వేడి పైదానికి తగలకూడదు. మేనేజరు అది చూసి, "మంచిగనే ఉన్నది గదా, దగ్గర దగ్గర పెట్టక, అత్తాకోడండ్ల లెక్క దూరం పెట్టినవేంది?" అన్నాడు. అత్తాకోడళ్ల సంగతి ఆయనకు బాగా తెలిసినట్టుంది. డిస్కుల సంగతి నాకు తెలుసు. ఆ రెండు డిస్కులూ చాలా ఏళ్లు పనిచేశాయి.

ఆ పొద్దున నేర్చుకున్నదేమిటంటే, తిరగనని మొరాయించిన డిస్కును చచ్చిపోయిందనకూడదు. వెచ్చబడేదాకా ఆగాలి. లోపలున్నది లోపలే ఉంటుంది. ఆ మాట మీద నాకున్న నమ్మకమే తర్వాత బాసరలో నాచేత ఒక ఆడబిడ్డకు మాట ఇప్పించింది.

బాసరలో నర్సన్న స్టూడియో

బాసర గుడికి పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పలక, బలపం, పళ్లెంలో బియ్యం. తండ్రి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ చిన్న చేతి మీద తన చెయ్యి వేసి దిద్దిస్తాడు. నర్సన్నది గుడి దారిలో చిన్న ఫోటో స్టూడియో. చెయ్యి మీద చెయ్యి పడే ఆ క్షణం కోసమే ఆయన కెమెరా పట్టుకుని నిలబడేవాడు. వసంత పంచమి రోజు పొద్దుటి నుంచి అదే ఫోటో, వేరువేరు చేతులతో.

ఆయన డెస్క్‌టాప్ అప్పటికే పాతది. డిస్కు నిండిపోయింది. ఒక వసంత పంచమి గడిచిన కొద్ది రోజులకు, ఇంకో డిస్కు పెట్టమని మా షాపుకు ఫోన్ చేశాడు. నేనే వెళ్లాను. బోర్డుకు, పవర్ సప్లైకి సరిపోయేది ఎంచి తీసుకుపోయాను. పెట్టేటప్పుడు నర్సన్నకు చెప్పాను, రెండో డిస్కు అంటే మిగిలిన సామాను పడేసే కొట్టం కాదు, ఫోటోలు రెండింట్లోనూ ఉండాలి, ఒకటి పోతే ఒకటి ఉంటుంది అని. ఆయనకు నచ్చింది. అంతలో ప్రభాకర్ సార్ ఫోన్ చేస్తే ఆ సంగతే చెప్పాను.

"ఒక్క పోటో రెండు తావుల ఎందుకయ్యా? తెచ్చిన జాగంత నువ్వే నింపితే రేపు ఆయినెకేం మిగుల్తది? పాతది సాఫ్ చేసి విండోస్ కొత్తగెయ్యి. పోటోలన్ని కొత్తదాంట్లకు నూకు."

"సార్, పాతదాంట్ల గూడ ఉంచితె..."

"నువ్వు స్క్రూలు తిప్పు. సలహాలు నేనిస్త."

ఈ మాట నర్సన్న ఎదుట, ఆయన భార్య ఎదుట, ఫోటోలు దిగడానికి వచ్చినవాళ్ల ఎదుట స్పీకర్‌లో వినిపించింది. నేను వద్దన్నాను. వద్దన్న సంగతి ఇక్కడ రాస్తున్నాను, ఎవరైనా తర్వాత ఇంకో రకంగా చెప్పకుండా. చివరికి నర్సన్న కూడా మిషను తేలిగ్గా నడిస్తే చాలన్నాడు. ఫోటోలన్నీ కొత్త డిస్కులోకి పోయాయి. పాతది తుడిచిపెట్టి, మిగతా పనులకు ఇచ్చాం.

వచ్చేటప్పుడు నర్సన్నతో అన్నాను: "ఇగ నీ ఆస్తంత గిండ్లనే ఉన్నది. అమ్మవారిని చూసుకున్నట్టు చూసుకో."

దసరా వచ్చింది. మన దగ్గర దసరాకు పనిముట్టుకు పూజ చేయని ఇల్లుండదు. కమ్మరి సుత్తికి, డ్రైవరు స్టీరింగుకు, దర్జీ మిషనుకు బొట్టు పడాల్సిందే. నర్సన్న కెమెరాలు, స్టాండ్లు, లైట్లు అన్నీ పీట మీద పెట్టాడు. పెట్టి, నా మాట గుర్తుచేసుకుని, కంప్యూటర్ మూత తీసి డిస్కును కూడా విప్పి తెచ్చి పీట మీద పెట్టాడు. గంధం తడిగా కలిపి, దాని మీద కుంకుమ అద్ది బొట్లు పెట్టాడు. స్టిక్కరు మీద పెడితే నెంబరు చెరిగిపోతుందని జాగ్రత్తపడి, వెనక్కి తిప్పి ఆకుపచ్చ బోర్డు మీద పెట్టాడు. నాలుగు మూలలా, నాలుగు స్క్రూల మీద, మధ్యలో ఇంకొకటి పెద్దది. కొబ్బరికాయ కొట్టి, దండం పెట్టి, మళ్లీ తీసుకుపోయి బిగించాడు. స్విచ్ వేయగానే కాలిన వాసన.

నేను వెళ్లేసరికి ఆయన మొహం పిల్లాడి మొహంలా అయిపోయి ఉంది.

"నువ్వే అంటివి గదనే, అమ్మవారిని చూసుకున్నట్టు చూసుకొమ్మని."

"చూసుకొమ్మన్న. బొట్టు వెట్టుమన్ననా?"

"బొట్టు వెట్టకుంటె అమ్మవారు ఎట్లయితది?"

నిజం చెప్పాలంటే నర్సన్న మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. నేను తెచ్చిన వస్తువుకు దండం పెట్టిన మనిషి నా జీవితంలో ఆయన ఒక్కడే.

సగం తెరిచిన మిషను ముందు

నేను డిస్కును వెనక్కి తిప్పి చూస్తున్నాను. బోర్డు మీద ఒక చిన్న భాగం మాడిపోయింది. ఫోటోలు రాసి ఉండే లోపలి పళ్లాలకు ఏమీ కాలేదు. ఆ సమయంలోనే మమత లోపలికి వచ్చింది. బోథ్ దగ్గరి పల్లె. వెంట చిన్న కూతురు, నవ్య. వసంత పంచమికి ఈ స్టూడియోలోనే ఫోటో దిగారు. నర్సన్న ఆమెను గుర్తుపట్టి, "బావ మళ్ల పోయిండా మస్కట్?" అని అడిగాడు.

మమత కూతురిని దగ్గరికి తీసుకుంది. తర్వాత చెప్పింది. భర్త సెలవు మీద వచ్చి, బిడ్డకు అక్షరాభ్యాసం చేయించి వెళ్లాడు. వానాకాలంలో అక్కడే, నిద్రలో, గుండె ఆగి చనిపోయాడు. మనిషి పెట్టెలో వచ్చాడు. తర్వాత సామాను వచ్చింది. సబ్బులు, దుప్పటి, పిల్లకు కొన్న బూట్లు ఉన్నాయి. ఫోటో లేదు.

"ఉన్న ఒక్క పోటో ఆయినెనే కొంచవోయిండన్నా. మంచం పక్క గోడకు అంటువెట్టుకున్నడట. ఆయినె దోస్తు చెప్పిండు. గోడకే ఉండిపోయినట్టున్నది. జర మళ్ల కడిగియ్యండ్రి."

నర్సన్న నా వైపు చూశాడు. నేను చేతిలో ఉన్న డిస్కు వైపు చూశాను. నవ్య దగ్గరికి వచ్చి, డిస్కు మీది కుంకుమ బొట్టును వేలితో చూపించి, "గిది దేవుడా?" అని అడిగింది.

"కాదు బిడ్డా. నీ పోటో గిండ్లనే ఉన్నది" అన్నాను.

"మరి ఎందుకు ఇస్తలేరు?" అంది మమత.

"పైన బోర్డు కాలింది చెల్లే. లోపల ఏం కాలె. గసొంటి డిస్కే ఇంకోటి దొరికితె దాని బోర్డు దీనికి పెట్టొచ్చు. జర టైం వడ్తది. నీ పోటో నేను తీసిస్త."

ఇది నేనిచ్చిన మాట. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు పెద్దలు చెప్తారు, కస్టమరుకు మాట ఇవ్వొద్దని. తప్పు. మాట ఇవ్వండి. మాట ఇచ్చే అవసరం రాని పని పనే కాదు.

తిన్నర్ వాసన

డిస్కును గుడ్డలో చుట్టి కరీంనగర్ తెచ్చాను. బోర్డు మార్చడం అంటే విప్పి బిగించడం కాదు. అదే మోడలు కావాలి. పాత బోర్డు మీదున్న చిన్న చిప్పును జాగ్రత్తగా విడదీసి కొత్త బోర్డు మీద అతకాలి, ఎందుకంటే ఆ పళ్లాల మీద ఏది ఎక్కడుందో తెలిసిన జ్ఞాపకం ఆ చిప్పుదే. నాకు ఆ పని వచ్చు. అదే మోడలు డిస్కు జమ్మికుంటలో ఒకరి దగ్గర మూలపడి ఉందని తెలిసి, తేవడానికి వెళ్లాను. మబ్బుపట్టిన రోజు. బస్సు కిటికీ పక్కన కూర్చుని, ఆ డిస్కును ఒళ్లో పెట్టుకుని తిరిగొస్తుంటే, నర్సన్న డిస్కులో తిరగబోయే పళ్లెం చప్పుడు నాకు అప్పుడే వినిపించింది. చేట కదులుతోంది, బియ్యం పైకి లేచి పడుతున్నాయి, బియ్యంలో ఒక చెయ్యి, దాని మీద ఇంకో చెయ్యి.

వచ్చేసరికి నా బల్ల మీద గుడ్డ ఉంది. డిస్కు లేదు. గదంతా రంగుల్లో కలిపే తిన్నర్ వాసన.

"వారంటీల ఉండె గదా, పంపిచ్చిన" అన్నాడు ప్రభాకర్ సార్. "గా బొట్లు చూస్తె తీసుకోరని తిన్నర్‌తోని మంచిగ తుడిపిచ్చిన. కొత్తది వస్తది. ఫ్రీగ."

"సార్, దాంట్ల పోటోలున్నయి. నేను మాటిచ్చిన."

"నువ్వెవరయ్యా మాటిచ్చెతందుకు? కంపెనీ నీదా? ఫ్రీగ కొత్తది వస్తదంటె పరేషాన్ గాబడితివి."

ఓనర్ల గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆయన చెడ్డవాడు కాదు. నా పెళ్లికి వచ్చాడు, నాకు జ్వరమొస్తే మందులు తెప్పించాడు. కానీ ఆయనకు డిస్కు అంటే ఇనుప డబ్బా. డబ్బా పోతే డబ్బా వస్తుంది. అటువంటి ఓనరు దగ్గర పనిచేయాల్సి వస్తే, మీ చేతిలో ఉన్న డిస్కును బల్ల మీద వదలకండి. బస్సులో తోడు తీసుకుపోండి.

కొత్త డిస్కు వచ్చింది. సీలు వేసిన కవరులో తళతళలాడుతూ. తగిలించి, స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకున్నాను. బియ్యం లేని చేటను ఎవరో చెరుగుతున్నట్టుంది.

నేను ఊరుకోలేదు. నర్సన్న దగ్గర తుడిచిపెట్టిన పాత డిస్కును తెచ్చి వెతికాను. దాని మీద అప్పటికే విండోస్, మిగతా పనుల ఫైళ్లు చాలా పడ్డాయి. అయినా అడుగున ఎక్కడో ఒక తునక మిగిలి ఉంది. తెరమీద మెల్లగా పైనుంచి కిందికి తెరుచుకుంది. గుడి స్తంభం. తండ్రి తల, నూనె రాసి దువ్విన జుట్టు. వంచిన మొహం. పాప నుదుటి బొట్టు, కళ్లు. అక్కడ ఆగింది. కిందంతా బూడిద రంగు.

ఆ సగం ఫోటోనే అచ్చువేసి బోథ్ తీసుకుపోయి ఇచ్చాను. మమత చాలాసేపు చూసింది. "గింతనన్న దొరికింది" అంది. బూడిద రంగు కత్తిరిస్తానంటే వద్దంది. "ఉండనియ్యన్నా. కింద ఉన్నదని తెలుస్తది."

హైదరాబాద్‌లో

సర్వీసు సెంటరుకు ఉత్తరాలు రాశాను. ఫోన్లు చేశాను. చివరికి సెలవు పెట్టి హైదరాబాద్ వెళ్లాను. చల్లని అద్దాల గది. గోడల వెంట అరల్లో, వెనక్కి వచ్చిన డిస్కులు వరుసగా, మాట్లాడకుండా ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఎవరి పెళ్లి ఉందో, ఎవరి చదువు ఉందో, ఎవరి గొంతు ఉందో. నాకు ఆ గదిలో గట్టిగా మాట్లాడబుద్ధి కాలేదు.

"సార్, మీ కంప్లయింట్ క్లోజ్ అయింది" అంది కౌంటరులో అమ్మాయి.

"నేను కంప్లయింట్ చేయలే బిడ్డా. అడుగుతున్న. పాత డిస్కు ఏమైంది?"

"మీకు కొత్తది అందింది కదా సార్?"

"అందింది. పాతది ఏడున్నది?"

"అది కంపెనీకి వెళ్లిపోతుంది సార్. తర్వాత మాకు తెలీదు."

"ఎవరికి తెలుసు?"

ఆమె లోపలికి వెళ్లి ఎవరినో అడిగి వచ్చింది. "రాసి ఇవ్వండి సార్, చెప్తాం." రాసి ఇచ్చాను. బస్సు సిద్దిపేట దాటేసరికి ఫోనుకు మెసేజ్ వచ్చింది. మా సేవతో మీరెంత తృప్తి చెందారు, ఒకటి నుంచి ఐదు వరకు నొక్కండి అని. నా పని గురించి కాకపోయినా, నా మనసు గురించి నన్ను ఎవరైనా అడిగారంటే అదొక్కటే. ఒకటి కంటే కిందిది లేదు. నొక్కలేదు.

ఆ తర్వాత రాసిన ప్రతి ఉత్తరానికీ ఇదే కథ. జవాబు రాలేదు. ఫోన్ చేస్తే పాట వినిపించారు.

నెంబరు ఎందుకు చూడాలంటే

వెనక్కి పోయిన డిస్కులన్నీ చెత్తలోకి పోవు. కొన్నింటికి బోర్డు మార్చి, తుడిచి, మళ్లీ స్టిక్కరు వేసి, కొత్త డిస్కు కాదని చెప్పి కొంచెం తక్కువకు అమ్ముతారు. ఎవరికి? పాత డెస్క్‌టాప్‌లో ఇంకో డిస్కు పెట్టుకుందామనుకునే వాళ్లకు. కొన్నింటిని బోర్డు మాత్రం మార్చి, తుడవడం మర్చిపోయి కూడా పంపేస్తారు. నేనే రెండుమూడుసార్లు చూశాను. కొత్తదని తగిలిస్తే లోపల ఎవరిదో పుట్టినరోజు.

అందుకని ఆ రోజు నుంచి నేను ఏ డిస్కు పట్టుకున్నా ముందు నెంబరు చూశాను. నర్సన్న డిస్కు నెంబరు నాకు నోటికి వచ్చు. స్టిక్కరు మార్చినా ఫికరు లేదు. ప్రభాకర్ సార్ తిన్నర్‌తో బోర్డు తుడిపించాడు గాని, నక్షత్రం ఆకారంలో ఉండే ఆ స్క్రూ గుంటల్లోకి గుడ్డ పోదు. నర్సన్న గంధం అక్కడ ఎండి ఉంటుంది. వేములవాడ లాడ్జిలో నిఘా కెమెరాల రికార్డింగు మిషను విప్పినా చూశాను, పత్తి మిల్లులో చూశాను, మంచిర్యాలలో పాత సామాను అంగట్లో కుప్పలో కూర్చుని చూశాను. రిటైరయ్యాక కూడా ఎవరి ఇంట్లో కంప్యూటర్ తెరిచి ఉన్నా నా కళ్లు అటే పోతాయి.

ఒక్కోసారి మధ్యాహ్నం కునుకులో అది నాకు కనిపిస్తుంది. ఎక్కడో, నాకు తెలియని ఊళ్లో, ఒక పాత డెస్క్‌టాప్ లోపల, రెండో డిస్కుగా, ఖాళీ అర పక్కన తిరుగుతూ ఉంటుంది. దాని యజమాని దాని మీద పాటలు దాచుకుంటాడు, సినిమాలు దాచుకుంటాడు. వాటి అడుగున, ఇంకా ఎవరూ రాయని ఒక వరుసలో, బియ్యం మీద ఒక పెద్ద చెయ్యి, దాని కింద చిన్న చెయ్యి, అట్లాగే ఆగి ఉంటాయి. డిస్కు తిరుగుతుంది. చెయ్యి కదలదు.

మొన్న నవ్య మా ఇంటికి వచ్చింది. కరీంనగర్‌లో చదువుకుంటోంది. తల్లి నన్ను అన్నా అంటుంది కాబట్టి ఈమెకు నేను మామను. ఫోనులో ఆ సగం ఫోటో దాచుకుంది. చూపించి అడిగింది.

"మామా, కింద ఏమున్నది?"

"మీ బాపు చెయ్యి. నీ చెయ్యి."

"నువ్వు చూసినవా?"

"చూడలే బిడ్డా. నర్సన్న చూసిండు, మీ అమ్మ చూసింది."

"అమ్మ ఒక్కోపారి ఒక్కో తీరు చెప్తది. చెయ్యి పట్టుకున్నడంటది, ఒక్కోపారి నేనే విడిపిచ్చుకున్ననంటది. నాకేం యాదికి లేదు. గట్టిగ పట్టుకున్నడా, ఊకె ఆనిచ్చిండా, గదొక్కటి చూడాలె మామా."

జవాబు ఉన్నవాళ్లు హైదరాబాద్‌లో చల్లని గదిలో ఉన్నారు.

అందుకని ఇది పిల్లల కోసం రాసినా, చివరి మాటలు మీకే. మీరెవరో మీకు తెలుసు. కొత్త డిస్కు పంపి నా ఫిర్యాదు మూసేశారు. నర్సన్న కూడా వద్దన్న ఆ డిస్కు ఇప్పటికీ సీలు విప్పిన కవరులో నా బీరువాలో ఉంది; తీసుకుపోండి, నాకు అక్కర్లేదు. క్షమాపణ వద్దు. తృప్తి ఒకటి నుంచి ఐదు వరకు ఎంతో అడగవద్దు. ఎవరి తప్పో కూడా నేను అడగడం లేదు.

దసరా అయిన కొద్ది రోజులకు నా బల్ల మీద నుంచి పోయిన ఆ డిస్కు, నాలుగు స్క్రూల్లో గంధం ఉన్నది, మీ దగ్గరికి వచ్చింది. మీరు దాన్ని ఎవరికి ఇచ్చారు? పగలగొట్టి ఉంటే పగలగొట్టామని రాయండి, ఆ పిల్లకు అదైనా చెప్తాను. లేదంటే ఏ ఊళ్లో, ఎవరి పాత కంప్యూటర్‌లో తిరుగుతోందో రాయండి. నేనే పోయి, వాళ్ల కాళ్లు పట్టుకుని, వినొస్తాను.

ఆ డిస్కు ఎక్కడుంది? ఈసారి జవాబు చెప్పండి.